పాత కంప్యూటర్లు, మీ ప్రశ్నలు: నీళ్లలో రాళ్ల దగ్గర ఆగిపోయిన నింజా

పోయిన నెల 1980ల నాటి ఇంటి కంప్యూటర్ల గురించి రాస్తూ ‘ద లాస్ట్ నింజా’ అనే ఆట పేరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాను. ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా దాని మీదే వచ్చాయి. చాలా సంతోషం. తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు: ఇంగ్లండుకు చెందిన సిస్టమ్ 3 సంస్థ 1987లో కమడోర్ 64 కంప్యూటర్ కోసం తెచ్చిన ఆట ఇది. కునిటోకి అనే షోగన్, అంటే జపాన్‌లో సేనాధిపతి అయిన పాలకుడు, పన్నాగం పన్ని గూఢచారి యోధులైన నింజాలందరినీ మట్టుబెడతాడు. మిగిలిన ఒకే ఒక్కడి పేరు అర్మకుని. అతను లిన్ ఫెన్ దీవికి వెళ్లి ఆరు దశలు దాటి షోగన్‌ను ఎదుర్కోవాలి. ఇక ప్రశ్నల్లోకి వెళ్దాం.

*

ప్రశ్న: చిన్నప్పుడు దుబాయిలో మా బాబాయిగారింట్లో ఈ ఆట ఆడాను టీచర్‌గారూ. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో పాత కమడోర్‌లా పనిచేసే వైస్ ఎమ్యులేటర్ ప్రోగ్రామ్ వేసుకొని, ఏడో తరగతి చదువుతున్న మా అబ్బాయికి చూపించాను. మొదటి దశలోనే నీళ్ల మధ్య రాళ్ల మీద దూకాల్సిన చోట ఇద్దరం మునిగిపోతున్నాం. ‘‘ఇది వేస్ట్ గేమ్ నాన్నా’’ అని వాడు లేచి వెళ్లిపోయాడు. కిటుకు ఏమైనా ఉందా? ప్రతి రాయి దగ్గరా సేవ్ చేసుకుంటూ పోతే మోసం చేసినట్టా?
– ఒక తండ్రి, మల్కాజిగిరి

జవాబు: మోసం సంగతి తర్వాత చూద్దాం. ముందు నీళ్లు దాటాలి.

ఈ ఆటలో నేల మనకు పైనుంచి కనిపించదు, పక్కనుంచీ కనిపించదు. ఒక మూల నుంచి చూస్తున్నట్టు కనిపిస్తుంది. దీన్నే ఐసోమెట్రిక్ పద్ధతి అంటారు. దారులన్నీ ఐమూలగా సాగుతాయి. దూరంగా ఉన్న చెట్టూ దగ్గరున్న చెట్టూ ఒకే కొలతలో ఉంటాయి. అందుకే బొమ్మ అంత అందంగా ఉంటుంది, అందుకే దూకడం అంత కష్టమూ అవుతుంది. గాల్లోకి లేచిన మనిషి ఏ రాయి మీద దిగుతాడో కళ్లు చప్పున చెప్పలేవు. దూకేటప్పుడు చాలామంది నింజా తలనో, మొత్తం ఒంటినో చూస్తారు. పాదాలు చూడాలి. పాదాలున్న చోటే అతనున్న చోటు. నిలబడిన రాయి నడిమి నుంచి ఎదుటి రాయి నడిమికి ఐమూలగా ఒక గీత ఊహించుకోండి. పాదాలు ఆ గీత మీదకి వచ్చేదాకా సర్దుకొని, ముఖం అటు తిరిగిందో లేదో చూసుకొని, అప్పుడు దూకండి. ఒకసారి గాల్లోకి లేచాక మళ్లించడం మీ చేతుల్లో ఉండదు. నిర్ణయమంతా కాలు కదపక ముందే జరిగిపోవాలి.

మా మరిది 1989లో దుబాయి నుంచి కమడోర్ 64 తెచ్చాడు. నల్లకుంటలో మా ఇంటి హాల్లో డయనోరా టీవీకి తగిలించాం. పిల్లలంతా ఈ రాళ్ల దగ్గరే పోట్లాడుకునేవాళ్లు. మా తోడికోడలి కూతురు ఒకరోజు జామెట్రీ బాక్సులోంచి స్కేలు తెచ్చి టీవీ అద్దం మీద ఐమూలగా ఆనించింది. రాళ్ల నడిమి గీత దానికి దొరికిపోయింది. స్కేలు తీసేసినా ఆ గీత దాని కళ్లలో ఉండిపోయింది. తర్వాత మిగతా పిల్లలందరినీ అదే దాటించేది. మీ అబ్బాయి చేతికీ ఓ స్కేలు ఇవ్వండి. ఇప్పటి తెరలు మెత్తనివి, గీసుకుపోకుండా కాస్త ఎడంగా పట్టుకోమనండి.

రెండో కారణం మీ ల్యాప్‌టాప్ కీబోర్డు కావచ్చు. ఈ ఆట ఒకే బటన్ ఉన్న జాయ్‌స్టిక్ కోసం రాసింది. దిశ కోసం రెండు కీలు, దూకడానికి మూడోది కలిపి నొక్కితే కొన్ని కీబోర్డులు అందులో ఒకదాన్ని మింగేస్తాయి. మీరు సరిగ్గానే నొక్కుతారు, నింజాకి సగమే చేరుతుంది. ప్లస్ గుర్తు ఆకారంలో దిశల మీట ఉన్న మామూలు యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ కొనండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో దొరుకుతుంది. వైస్ సెట్టింగుల్లో యంత్రం ‘పాల్’ రకానికి ఉందో లేదో కూడా చూడండి. ఇది యూరప్ టీవీల వేగానికి, అంటే సెకనుకు 50 తెరల లెక్కకు రాసిన ఆట. ‘ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటే లెక్క 60కి మారి సంగీతం పరుగెత్తుతుంది.

ఇక సేవ్ సంగతి. ఆ రోజుల్లో సేవ్ లేదు. ప్రాణాలన్నీ అయిపోతే మొదటికే రావాలి. మధ్యలో దొరికే యాపిల్ ఇంకో ప్రాణం ఇస్తుంది, అంతే. ఈ కాలపు పిల్లవాడిని అలాగే ఆడమనడం న్యాయం కాదు. వాడికి హోంవర్క్ ఉంది, ట్యూషన్ ఉంది. కాబట్టి ప్రతి దశ మొదట్లో ఒకసారి సేవ్ చేసుకోమనండి. రాయి రాయికీ మాత్రం వద్దు. అలా చేస్తే పొరపాటున సరైన చోట పడినా ముందుకు వెళ్లిపోతాడు, పాదాలు చూడడం అలవాటు కాదు. ఆ చూపు రాకపోతే రెండో దశలో మళ్లీ ఇదే ఏడుపు. నేను మోసం, నిజాయితీ అన్న లెక్కలో చెప్పడం లేదు. ఆటలోని అసలు రుచి పోతుందని చెబుతున్నాను.

ఆ రుచి ఏమిటో మీ అబ్బాయికి ముందే చెప్పండి. పరుగెత్తి కొట్టే ఆట అనుకొని కూర్చున్నాడు కాబట్టే విసుగొచ్చింది. ఇది నిదానంగా చూస్తూ నడిచే ఆట. కత్తి, గొలుసుతో కలిపిన జంట కర్రల నన్‌చాకు, పొడవాటి కర్ర, విసిరే చక్రాలు ఉన్నాయి, నిజమే. కానీ ఎదురైన ప్రతివాడితోనూ తలపడక్కర్లేదు. తప్పుకుపోగలిగిన చోట తప్పుకుపోయినవాడే ఎక్కువ దూరం వెళ్తాడు. దారిలో చిన్న గుళ్లు కనిపిస్తాయి. వాటి ముందు మోకరిల్లితే తర్వాత వెతకాల్సిన వస్తువేదో సూచన వస్తుంది. మా ఇంట్లో పిల్లలు మొదట్లో ఆ గుళ్లను అలంకారమనుకొని దాటిపోయేవాళ్లు. మొదటి దశ చివర డ్రాగన్ ఉంటుంది. దాని ముందు కత్తి దండగ. దారిలో దొరికిన పొగబాంబు విసిరి, అది నిద్రలోకి జారుకున్నాక పక్కనుంచి వెళ్లిపోవాలి. ఈ సంగతి మీకు చెప్పాను గానీ వాడికి చెప్పకండి. వాడే కనుక్కుంటే ఆ సాయంత్రం వాడి ముఖం చూడాలి మీరు.

*

ప్రశ్న: ఒక తెర దాటి ఇంకో తెరలోకి వెళ్లినప్పుడల్లా బొమ్మ ఒక్కసారిగా రాదు. చెట్టు, గోడ, గడ్డి ముక్కలు ముక్కలుగా వచ్చి చేరతాయి. నా ఎమ్యులేటర్ స్లోగా ఉందా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, ఉప్పల్

జవాబు: ఎమ్యులేటర్ బాగానే ఉంది బాబూ. మీరు చూస్తున్నదే ఆ ఆట గొప్పతనం.

లెక్క వేసి చూడండి. కమడోర్ 64లో రంగుల తెర ఒకదాన్ని ఉన్నదున్నట్టు దాచాలంటే చుక్కలకు 8,000 బైట్లు, రంగులకు వెయ్యి చొప్పున రెండు వరుసలు, మొత్తం 10,000 బైట్లు కావాలి. యంత్రం మొత్తం మెమరీ 64 కిలోబైట్లు. ఆరు బొమ్మలు పెట్టేసరికి నిండిపోతుంది. మరి నడక, కత్తియుద్ధం, సంగీతం ఎక్కడ పెట్టాలి? అందుకని బొమ్మలు దాచలేదు, ముక్కలు దాచారు. ఒక చెట్టు, ఒక బండరాయి, ఒక గోడ ముక్క, వాటిని ఎక్కడెక్కడ పెట్టాలో చెప్పే చిన్న జాబితా. మీరు తెరలోకి అడుగు పెట్టగానే ప్రోగ్రామ్ ఆ జాబితా చదువుతూ మీ కళ్ల ముందే పేర్చుకుంటూ పోతుంది. మా అమ్మ సంక్రాంతికి అవే బొమ్మలతో ఏటా కొత్త కొలువు పెట్టేది, అలాంటిదే. హ్యూ రైలీ బొమ్మలు గీశాడు, జాన్ ట్విడీ ప్రోగ్రామ్ రాశాడు. అవే ముక్కలు మళ్లీ మళ్లీ వాడారని ఆడుతున్నప్పుడు తోచనే తోచదు. ఒక్కో తెర ఒక్కో ఊరి పొలిమేరలా ఉంటుంది. నేను రైలీ గీసిన తోటల్ని ఇప్పటికీ చూస్తూ కూర్చోగలను.

ఇంకో విషయం గమనించారా? నింజా చెట్టు వెనక్కి వెళ్తే చెట్టు అతన్ని కప్పుతుంది, అదే క్షణంలో వెనకనున్న రాయిని అతను కప్పుతాడు. ఆ యంత్రంలో కదిలే బొమ్మలకు వేరే సదుపాయం ఉంది, స్ప్రైట్లు అంటారు, ఎనిమిది ఉంటాయి. కానీ ఒక స్ప్రైట్ మొత్తం వెనకటి బొమ్మకు ముందుండాలా, వెనకుండాలా అన్నదే దానికి చెప్పగలం. సగం ముందు, సగం వెనక అంటే అది వినదు. అలాంటప్పుడు చెట్టు అడ్డొచ్చినంత మేర నింజా బొమ్మను ప్రోగ్రామే కత్తిరించుకోవాలి, అదీ ప్రతి అడుగుకీ. సెకనుకు పది లక్షల టిక్కులు కూడా పూర్తిగా లేని ప్రాసెసర్ మీద ఈ పని చేయించారు. మీరు కోడింగ్ నేర్చుకుంటున్నారు కదా, ఇది ఒక్కటి కాగితం మీద రాసి ప్రయత్నించండి. కాలేజీలో చెప్పే పాఠాలు కొన్నింటికంటే ఇదే బాగా వంటబడుతుంది.

*

ప్రశ్న: నేను పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. మా మేనల్లుడు ఈ ఆట మ్యూజిక్ వినిపించాడు. ఒకేసారి మూడు స్వరాలే పలుకుతాయన్నాడు. నాకు కనీసం ఆరు వినిపిస్తున్నాయి. వాడు చెప్పింది నిజమేనా?
– వనస్థలిపురం

జవాబు: మీ మేనల్లుడు చెప్పింది నిజమే. మీ చెవి చెప్పిందీ నిజమే.

కమడోర్ 64లో సిడ్ అనే సౌండ్ చిప్ ఉంటుంది. బాబ్ యానెస్ రూపొందించాడు. దానికి మూడు గొంతులు. ఒక్కో గొంతుకూ నాలుగు రకాల ధ్వని, స్వరం ఎలా లేవాలి, ఎంత నిలవాలి, ఎలా సద్దుమణగాలి అని చెప్పే అమరిక, మూడింటికీ కలిపి ఒక ఫిల్టర్. మీ కీబోర్డులో ఉన్న సింథ్ గుణాలన్నీ చిన్న మోతాదులో అందులో ఉన్నాయి. తేడా ఏమిటంటే, మీరు కార్డ్ పట్టుకుంటే మూడు స్వరాలు కలిసి మోగుతాయి. వీళ్లు ఆ మూడు స్వరాలనూ ఒకే గొంతులో ఒకదాని వెంట ఒకటి, సెకనుకు 50 మార్పుల వేగంతో తిప్పుతారు. చెవి వాటిని విడదీయలేక కలిపి వింటుంది. ఆ గలగలలాడే ధ్వని అదే. ఇంకో గొంతులో క్షణం సేపు రొద ధ్వని పెడితే డ్రమ్ దెబ్బ అవుతుంది. వెంటనే అదే గొంతు బేస్ స్వరానికి మళ్లుతుంది. డ్రమ్ వాయించేవాడూ బేస్ వాయించేవాడూ ఒకే మనిషి అన్నమాట. మూడో గొంతు పాటకు మిగులుతుంది.

బెన్ డాగ్లిష్, ఆంథోనీ లీస్ ఈ సంగీతం కట్టారు. ప్రతి దశకూ రెండు బాణీలు, దశ లోడవుతున్నప్పుడు ఒకటి, ఆడుతున్నప్పుడు ఒకటి. క్యాసెట్ మీద లోడవడానికి నిమిషాలు పట్టేది. అంతసేపూ జనం కుర్చీలోంచి లేవకుండా కూర్చున్నారంటే ఆ లోడింగ్ బాణీల పుణ్యమే. మా ఇంట్లో అయితే టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి, ‘‘ఎవరూ మాట్లాడొద్దు’’ అని వంటింట్లోకి కేకేసి రికార్డు చేసుకునేవాళ్లు. డాగ్లిష్ 2018లో చనిపోయాడు. అతని పేరు తెలియకపోయినా ఆ బాణీలు వినగానే గుర్తుపట్టేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు.

మీకో పని చెబుతాను. వైస్‌లో సిడ్ చిప్ రకం మార్చుకోవచ్చు, 6581 అని పాతది, 8580 అని తర్వాతది. ఒకే బాణీని రెండింటిలోనూ వినండి. ఫిల్టర్ తేడా మీలాంటి చెవికి వెంటనే పట్టుబడుతుంది. రెండో భాగం కూడా వినండి. 1988లో వచ్చింది, సంగీతం మ్యాట్ గ్రే. కథ న్యూయార్క్‌కు మారుతుంది, సెంట్రల్ పార్కులో మొదలవుతుంది. ఆ పార్కు బాణీని మీరు ఏదో ఒక బరాత్‌లో వాయించాలని నా కోరిక.

*

ప్రశ్న: స్కూల్లో బీబీసీ మైక్రో కంప్యూటర్ మీద ఈ ఆట చూసిన గుర్తు. మా ఆఫీసులో అందరూ ‘‘అది కమడోర్ గేమ్, నువ్వు ఇంకేదో చూసి ఉంటావు’’ అంటున్నారు.
– తార్నాక

జవాబు: మీ వాళ్లకు ఈ పేజీ చూపించండి. బీబీసీ మైక్రోకి ‘లాస్ట్ నింజా’ వచ్చింది. సుపీరియర్ సాఫ్ట్‌వేర్ 1988లో విడుదల చేసింది, పీటర్ స్కాట్ ఆ యంత్రానికి తగ్గట్టు మళ్లీ రాశాడు.

మన స్కూళ్లలో బీబీసీ మైక్రోలు ఉన్నదీ నిజమే. 1984-85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం కింద దేశంలో దాదాపు 250 స్కూళ్లకు ఆ కంప్యూటర్లే ఇచ్చింది. నేను సికింద్రాబాద్‌లో ఒక స్కూల్లో ఆ ల్యాబ్ చూసుకున్నాను. చెప్పులు బయట, కిటికీలకు దట్టమైన కర్టెన్లు, స్కూలు మొత్తానికి ఒకే ఒక్క ఏసీ ఆ గదిలో. ప్రిన్సిపల్ గదికి కూడా లేదు. బీబీసీ మైక్రో మోడల్ బీలో మెమరీ 32 కిలోబైట్లే, కమడోర్‌లో సగం. స్ప్రైట్లు లేవు, సిడ్ లాంటి చిప్ లేదు. ప్రాసెసర్ మాత్రం రెట్టింపు వేగం. అందులో ఈ ఆటను ఇరికించడమే సాహసం. మీకు రంగులు తక్కువగా గుర్తుంటే అది మీ జ్ఞాపకం మసకబారడం వల్ల కాదు. రంగులు నిజంగానే తక్కువ.

*

ప్రశ్న: టీచర్, నింజాలు నిజంగా ఉన్నారా? నల్ల డ్రెస్సే ఎందుకు వేసుకుంటారు?
– ఎనిమిదో తరగతి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఉన్నారమ్మా. జపాన్‌లో ఇగా, కోగా అనే రెండు కొండ ప్రాంతాలు వాళ్లకు ప్రసిద్ధి. ఆటలో నింజా వెతికే కోగా గ్రంథపు చుట్టల పేరు అక్కడిదే. అర్మకుని, కునిటోకి మాత్రం కల్పించిన పాత్రలు. అసలు నింజాల పని యుద్ధం చేయడం కంటే శత్రువు కబురు తేవడం. అందుకని రైతులా, సన్యాసిలా, వ్యాపారిలా వేషం వేసుకునేవాళ్లు. పగలు నల్లబట్టలు వేసుకొని తిరిగితే ఎవరికైనా అనుమానం రాదూ? ఆ నల్ల దుస్తులు ఎక్కువగా నాటకాల రంగస్థలం నుంచి వచ్చాయని చెబుతారు. 1581లో ఒడా నొబునాగా అనే సేనాని పెద్ద సైన్యంతో ఇగా మీద పడి నాశనం చేశాడు. అయినా అంతా పోలేదు. మరుసటి ఏడే, తర్వాత షోగన్ అయిన తొకుగావా ఇయెయాసు ప్రాణాపాయంలో ఇగా కొండల మీదుగా తప్పించుకున్నప్పుడు అక్కడివాళ్లు తోడు నిలిచారు. ఆ వంశానికి సేవ చేసిన హట్టోరి హాన్‌జో పేరు మీద టోక్యోలో ఒక మెట్రో లైనే ఉంది, హాన్‌జోమోన్ లైన్. 1676లో వాళ్ల విద్యలన్నీ ‘బన్‌సెన్‌షూకాయ్’ అనే గ్రంథంగా రాసిపెట్టారు. నీకు ఇష్టమైతే మీ సోషల్ టీచర్‌ని ఆ కాలం గురించి ఇంకా అడుగు.

*

ప్రశ్న: జుమేరాత్ బజార్‌లో కమడోర్ 64 ఒకటి దొరికింది. అడాప్టర్, క్యాసెట్ ప్లేయర్, ‘లాస్ట్ నింజా’ క్యాసెట్ కూడా ఉన్నాయి. ఇంకా స్విచ్ వేయలేదు. వేయొచ్చా?
– మెహదీపట్నం

జవాబు: వేయకండి! ముందుగా అడిగినందుకు మీకు నమస్కారం.

మొదట ఆ అడాప్టర్ కింది లేబుల్ చదవండి. అమెరికా నుంచి వచ్చినదైతే 120 వోల్టుల లోపుదే. మన 230 తగిలిస్తే అక్కడికక్కడే కాలిపోతుంది. 220 అనో 240 అనో ఉన్నా నమ్మకండి. ఆ ఇటుక లాంటి అడాప్టర్ లోపల ఎక్కువ వాటిల్లో గట్టి రెసిన్ పోసి మూసేశారు, విప్పి బాగుచేయడం కుదరదు. అది రెండు రకాల కరెంటు ఇస్తుంది, 5 వోల్టుల డీసీ, 9 వోల్టుల ఏసీ. ముసలిదయ్యాక ఐదు వోల్టులను అదుపులో ఉంచే భాగం పాడై, వోల్టేజీ పైకి ఎగబాకుతుంది. ముందుగా చచ్చిపోయేవి మెమరీ చిప్పులు. కంప్యూటర్‌కు తగిలించకుండా అడాప్టర్‌ను మాత్రమే ప్లగ్గులో పెట్టి, మల్టీమీటర్‌తో కొలిపించండి. 5.2 దాటితే పక్కన పడేయండి. సరిగ్గా ఉన్నా నా సలహా ఒకటే. ఈ రోజు బాగున్నది రేపు ఆడుతుండగా పోవచ్చు. కొత్తగా చేయించుకోవడం మేలు. కోఠీ గుజరాతీ గల్లీలో ట్రాన్స్‌ఫార్మర్లు, గుండ్రటి డిన్ ప్లగ్గులు అడిగి చూడండి. ఎలక్ట్రానిక్స్ చేతి పని బాగా తెలిసినవాళ్లతోనే చేయించండి, ఇంట్లో మీరే ప్రయోగం చేయకండి.

టీవీకి ఎరియల్ తీగతో కాకుండా వెనకున్న వీడియో సాకెట్ నుంచి కాంపోజిట్ తీగ వేస్తే బొమ్మ తేటగా వస్తుంది. కరెంటు ఉండగా జాయ్‌స్టిక్ పెట్టడం, పీకడం చేయకండి. వేలి నుంచి వచ్చే స్టాటిక్ చాలు, దాని వెనకున్న చిప్ పోవడానికి. క్యాసెట్‌ను ఇప్పుడే ప్లేయర్‌లో పెట్టకండి. టేపుకు బూజు పట్టిందేమో కిటికీ దగ్గర వెలుతురులో చూడండి, తెల్లగా పొడిలా కనిపిస్తుంది.

ఇవన్నీ అయ్యాక స్విచ్ వేస్తే నీలం తెర మీద 38911 అనే అంకె, కింద ‘రెడీ’ అన్న మాట రావాలి. వచ్చినా రాకపోయినా నాకు రాయండి. క్యాసెట్ ప్లేయర్ హెడ్ శుభ్రం చేసే పద్ధతి వచ్చే నెల ఇస్తాను.